నల్లరంగు వేసిన తలవెండ్రుకల రంగును ఇంటియందు తగ్గించుట

పండుగలకును పెండ్లిండ్లకును తలకు నల్లరంగు వేసికొనుట మన నస్పూరు ప్రాంతమున సామాన్యమైనది. శ్రీరాంపురము గని క్వార్టర్లయందేమి, గోదావరి యొడ్డు పల్లెలయందేమి, రంగు పొట్లము దొరకని కిరాణాకొట్టు అరుదు. వేసికొనుట యొక గంటసేపటి పని, తీసివేయుటయే కష్టము. ఒకరికి అనుకొన్నదానికంటె మిక్కిలి నలుపై ముఖమునకు నప్పకుండును. ఒకరికి నెత్తి దురదపెట్టగా వైద్యుడు రంగు మానుమనును. మానినపిమ్మట మొదళ్లు తెలుపు, కొనలు నలుపుగా తల రెండువన్నెలై నిలుచును. కళాశాలకు పోయిన పెద్దపిల్లలు నలుపు పోగొట్టి గోధుమవన్నె తెచ్చుకొన గోరుదురు. అప్పుడు ఇరుగుపొరుగువారు నిమ్మకాయ యనియు, వంటసోడా యనియు, బట్టల బ్లీచింగు అనియు తలకొక మాట చెప్పుదురు. ఈ మాటలలో నిజమెంత, హానియెంత యని తల్లిదండ్రులు ఉపాధ్యాయులను అడుగుట గలదు. దీనికి జవాబు మన పిల్లలు పదవ తరగతిలో చదువు ఆక్సీకరణ క్షయకరణముల పాఠముననే యున్నది గావున దానిని ఈ పత్రికయందు వ్రాయుట యుక్తమని తోచినది.

మొదట ఈ నల్లరంగు ఎక్కడనుండి వచ్చినదో చూతము. దీని పుట్టుక బొగ్గునందున్నది. బొగ్గును గాలి సోకని బట్టీలలో కాల్చినపుడు చిక్కని నల్లని తారు వచ్చును. లండను నగరమున విలియం హెన్రీ పెర్కిను అను పదునెనిమిదేండ్ల విద్యార్థి 1856వ సంవత్సరమున ఆ తారునుండి వచ్చిన అనిలీనుతో మలేరియా జ్వరమునకు మందైన క్వినైనును చేయజూచెను. క్వినైను రాలేదు; ఊదావన్నె రంగు వచ్చినది. కృత్రిమముగా చేసిన అద్దకపు రంగులలో అదియే పేరుపొందిన మొదటిది. తరువాత జర్మనీయందును ఫ్రాన్సుయందును రసాయనజ్ఞులు తారునుండి నూర్లకొలది రంగులు తీసిరి. వానితోపాటు బయలుపడిన పారాఫినైలీన్‌డైఅమీను అను పదార్థము (దీనినే పొడి అక్షరములతో పి.పి.డి. యందురు) ఆక్సిజను తగిలినపుడు నల్లబడునని గ్రహించి, ఫ్రాన్సునందలి మోనే కంపెనీవారు 1883లో దానిని వెండ్రుకలకు రంగుగా పేటెంటు పొందిరి. 1907లో యూజీన్ షువెల్లేరు అను ఫ్రెంచి రసాయనజ్ఞుడు తలరంగును తయారుచేసి పారిసు క్షురకశాలలకు అమ్మసాగెను. నేడు మన అంగడిలో దొరకు నల్లరంగులలో పెక్కు ఆ వంశమునకు చెందినవే.

బొగ్గు మాట వచ్చినది గనుక ఒకటి చెప్పుట మంచిది. డాక్టరు విలియం కింగు 1871లో ఇల్లెందు సమీపమున బొగ్గును కనుగొన్నది మొదలు, 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ పేరు వచ్చి, నేటివఱకు మన గనుల బొగ్గు కోకునకును తారునకును తగిన జాతిదిగాక, విద్యుత్తునకును సిమెంటునకును పనికివచ్చు జాతిదై యున్నది. పైగా ఇప్పుడు రంగులకు మూలమైన బెంజీను చాలవఱకు పెట్రోలియమునుండి తీయబడుచున్నది. కావున మన తండ్రులు త్రవ్విన బొగ్గే మన తలకెక్కినదని చెప్పుట అతిశయోక్తి యగును; దాని దాయాది యెక్కినదన్న చాలును.

ఇక వెండ్రుక సంగతి. చర్మమునుండి బయటికి వచ్చిన వెండ్రుక ప్రాణములేని వస్తువు. గాయపడిన చర్మము మానును. చెడిన వెండ్రుక మానదు. ఈ యొక్క మాట జ్ఞాపకమున్నచో ముందు చెప్పబోవు హెచ్చరికలన్నియు సులభముగా బోధపడును. వెండ్రుక కెరాటిను అను మాంసకృత్తుతో నేర్పడినది. దాని పైపొర పెంకుటింటి కప్పుపై పెంకులవలె ఒకదానిపై నొకటి పఱచిన సన్నని పొలుసులతో నుండును. లోపలి దట్టమైన భాగమునందు మెలానిను అను సహజవర్ణపు సూక్ష్మకణములు చెదరియుండును. ఈ మెలానిను రెండు విధములు: నలుపు గోధుమలనిచ్చునది యొకటి, ఎఱుపు పసుపులనిచ్చునది యొకటి. మనవారి వెండ్రుకలలో మొదటిది మిక్కిలి హెచ్చు; అయినను రెండవది లేకపోలేదు. నలుపు తగ్గినప్పుడెల్ల అడుగున దాగియున్న ఎఱుపు బయటపడుట కిదియే కారణము.

స్థిరమైన తలరంగు పని చేయు విధము చూడుడు. అమోనియా వంటి క్షారము పొలుసులను పైకి లేపును. చిన్న చిన్న అణువులుగా నున్న పి.పి.డి.యు దాని తోడి పదార్థములును లోపలికి దూరును. వానివెంట హైడ్రోజన్ పెరాక్సైడు చేరి ఆక్సీకరణము జరుపగా అవి యొకదానితో నొకటి కలిసి పెద్ద నల్లని అణువులగును. సన్నని మూతిగల కుండలో దూరిన ఎలుక గింజలు తిని లావై బయటికి రాలేనట్లు ఆ అణువులు వెండ్రుకలోనే చిక్కుకొనును. పొట్లములలో వచ్చు పొడిరంగులయందు పెరాక్సైడునిచ్చు గట్టి పదార్థమును ముందుగనే కలిపియుందురు; నీటితో కలుపగనే పని మొదలగును. ఇందులో తెలియవలసిన దింకొకటి కలదు. పెరాక్సైడు లోనికి పోయినపుడు రంగును పుట్టించుటయే గాక, సహజమైన మెలానినును కొంత హరించును. కావున వేసిన నలుపును ఏ యుపాయముననైనను పూర్తిగా తీసినను పూర్వపు నలుపు తిరిగి రాదు. ఇటుకవన్నెయో కంచువన్నెయో కనబడును. ఇది తెలియనివారు మందు చెడినదని భ్రమపడి మఱల మఱల పూయుదురు.

పెక్కుమంది మొదట చేయు పని, నలుపుమీద లేతగోధుమ రంగు పొట్లము కొని వేయుట. ఇది వ్యర్థము. పలకపై బొగ్గుతో గీసి దానిమీద పసుపు పూసినచో గీత మాయునా? వేసిన రంగును ఇంకొక రంగు తీయదు. అందలి పెరాక్సైడువలన, రంగులేని క్రొత్త మొదళ్లు మాత్రము తేటబడి ఎఱ్ఱనగును. నల్లని కొనలు నల్లగానే యుండును. ఉన్న చిక్కు రెట్టింపగును.

నిమ్మరసమువలన కృత్రిమమైన నలుపునకు కలుగు మార్పు స్వల్పము. అది పూసికొని యెండలో కూర్చున్నచో సహజవర్ణము కొంచెము వెలియవచ్చును గాని, నుదుటిమీద మెడమీద జాఱిన రసము ఎండకు చర్మమును బొబ్బలెక్కించి నల్లమచ్చలు నిలుపగలదు. మన ప్రాంతపు వేసవి యెండలో ఆ ప్రయోగము చేయదగదు. వంటసోడా క్షారము, పొలుసులను లేపి కొంత రంగును కడుగును గాని వెండ్రుకను పీచువలె చేయును. ఇక బట్టలకును, బావినీళ్లకును వాడు బ్లీచింగు పొడి క్లోరినుకు సంబంధించినది. అది కెరాటినును కరగించును, చర్మమును కాల్చును, కన్ను పోగొట్టును. తలకు దానిని ఎన్నడును తాకింపరాదు. తలకు వాడు బ్లీచు వేఱు, ఇది వేఱు. పేరు మాత్రమే యొకటి.

రంగు వేసి రెండుమూడు దినములే యైనచో మెత్తని మార్గ మొకటి కలదు. చుండ్రునకు వాడు షాంపూ గాని, కుంకుడుకాయ పులుసు గాని గోరువెచ్చని నీటితో వాడి దినము విడిచి దినము తలంటినచో పైపైన నిలిచిన రంగు కొంత జాఱును. మందుల అంగడిలో దొరకు సి విటమిను బిళ్లలను నూఱి షాంపూతో ముద్దచేసి తడితలకు పట్టించి అరగంటపిమ్మట కడుగువారును గలరు. సి విటమిను క్షయకరణశక్తి గలది గావున ఈ పద్ధతి నిరాధారము కాదు. తాత్కాలికమైన రంగులకు ఇది బాగుగ పనిచేయును. స్థిరమైన నలుపును ఒక ఛాయ తగ్గించిన మేలే. కొబ్బరినూనె రంగును తీయదు. కాని వెండ్రుకలోనికి దిగి కడుగునపుడు మాంసకృత్తు నష్టము కాకుండ కాపాడును. కావున ముందురాత్రి దానిని రాచుకొనుట మంచి అలవాటు.

ఇంతకంటె బలమైనది రంగు తీయు మందు. దీని పని తెలియుటకు నీలిమందు చరిత్ర కొంత చెప్పవలెను. పూర్వము కడప నెల్లూరు సీమలలో నీలిచెట్టు విస్తారముగ పండెడిది. నీలి నీటిలో కరగదు. అద్దకమువారు తొట్టెలో దానిని పులియబెట్టుదురు. అప్పుడు ఆక్సిజను తొలగి, అనగా క్షయకరణము జరిగి, నీలము మాయమై పసుపుపచ్చని కరగు రూపమునకు వచ్చును. బట్టను అందులో ముంచి పైకి తీసినపుడు పచ్చగా నుండి, గాలిలో ఆరగట్టినకొలది కన్నులయెదుటనే నీలమగును. గాలిలోని ఆక్సిజను పోయిన రంగును తిరిగి తెచ్చినదన్నమాట. (జర్మనీవారు 1897లో కృత్రిమపు నీలిని అంగడికి తెచ్చుటతో మన నీలిసాగు క్రమముగా అణగిపోయినది. ఆ యేటనే సికింద్రాబాదున రోనాల్డు రాసు మలేరియా క్రిమిని దోమయందు కనుగొనెను. పెర్కిను వెదకిన మందు ఆ జ్వరమునకే.)

రంగు తీయు మందు సరిగా ఆ తొట్టె చేయు పనినే చేయును. దానిలో గంధకమునకు సంబంధించిన క్షయకరణ పదార్థముండును. కుళ్లిన గ్రుడ్డు వాసన వచ్చుట అందువలననే. వెండ్రుకలో చిక్కిన పెద్ద నల్లని అణువులను విడదీసి అది వర్ణము లేని చిన్న తునుకలుగా చేయును. ఎలుక చిక్కినది గావున బయటికి రాగలదు; కాని వచ్చుటకు నీరు కావలెను. ఇక్కడనే చాలమంది తప్పుదురు. రంగు పోయినదని సంతోషించి రెండు చెంబులు పోసికొని లేతురు. తునుకలు లోపలనే యుండి, నీలిబట్టవలె గాలి సోకి మరునాటికి మఱల నల్లబడును. కావున పొట్లముపై చెప్పినంతసేపు, మన వీధిలో నీటి కరవున్నను, పదునైదు ఇరువది నిమిషములు ధారగా నీరు పోయుచునే కడుగవలెను. నీరు వచ్చు దినము చూచుకొని ఈ పనికి పూనుకొనుట తెలివి. ఈ మందు సహజమైన మెలానినును ముట్టదు గావున వెండ్రుకకు బ్లీచుకంటె తక్కువ హాని. ఇంటియందు చేయదలచినవారు మొదట దీనినే ప్రయత్నింపవలెనని నా యభిప్రాయము. అయితే గోరింటమీదను, లోహపురంగులమీదను దీనిని నమ్ముకొనరాదు.

మూడవది బ్లీచు. 1818లో ఫ్రెంచి పండితుడు తెనార్డు హైడ్రోజన్ పెరాక్సైడును కనుగొనెను. 1867 నాటి పారిసు ప్రదర్శనమున దానితో వెండ్రుకలను బంగారువన్నెకు తెచ్చి చూపిరి. నేటి బ్లీచుపొడిలో పెర్సల్ఫేటు లవణములుండును. దానిని పెరాక్సైడు ద్రవముతో కలిపి పూయుదురు. సీసాపై 10, 20, 30, 40 వాల్యూము లని యుండును. ఒక కొలత ద్రవమునుండి అన్ని కొలతల ఆక్సిజను వాయువు వెలువడునని దాని యర్థము. శాతములలో క్రమముగా 3, 6, 9, 12 అగును. ఇంటియందు 20 దాటరాదు. ఎక్కువ బలమైనది త్వరగా తెల్లబఱచునను మాట నిజమే. త్వరగా విఱుచునను మాటయు అంతే నిజము. బ్లీచు కృత్రిమవర్ణమును సహజవర్ణమును రెండింటిని హరించును. నలుపు మొదట ముదురెఱుపు, పిమ్మట నారింజ, పిమ్మట పసుపు, తుదకు లేతపసుపు అగును. మన వెండ్రుక ఒక్కసారికి నారింజ దాటదు. అంతకంటె ముందుకు పోవలెనన్నచో వారముల యెడముతో పలుమార్లు చేయవలెను. ప్రతిసారియు కెరాటినులోని గంధకపు బంధములు కొన్ని తెగును. తడిసిన వెండ్రుక రబ్బరువలె సాగి తిరిగి పోకున్నచో అక్కడ ఆగవలెనని గుర్తు.

ఇంతవఱకు అంగడి రంగుల సంగతి. మన యిండ్లలో చేయునది దీనికంటె చిక్కైనది. గోరింటపొడిని టీడికాషనుతో కలిపి ఇనుప మూకుడులో రాత్రియంతయు నానవేసి మరునాడు తలకు పట్టించుట మన తల్లులెఱిగిన పద్ధతి. కొందరు కరక్కాయను, అన్నభేదిని చేర్చుదురు. కొందరు గోరింట పిమ్మట నీలియాకు పొడి పెట్టుదురు. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసినపుడు నల్లనగును. పూర్వపు సిరా అట్లు చేసినదే. మచిలీపట్నపు కలంకారీలో నల్లగీతలు నిలుచునదియు ఈ కూడికవలననే. చూచుటకు సాధువైన ఈ పద్ధతిలో వెండ్రుకపై ఇనుము చేరుచున్నదని గ్రహింపుడు. ఇనుము తగిలిన పెరాక్సైడు మిక్కిలి తీవ్రమగునని ఫెంటను అను ఆంగ్లేయుడు 1894లోనే వ్రాసెను. అట్టి తలపై బ్లీచు పెట్టినచో పొగలెత్తి, వేడెక్కి, వెండ్రుకలు ముద్దగా తెగి చేతికి వచ్చుటయు, నెత్తి కాలుటయు సంభవించును. సీసము, వెండి లవణములున్న రంగులకును ఇదే భయము. నీలియాకు పెట్టిన తలపై బ్లీచు కొన్నిసార్లు నలుపునకు బదులు ఆకుపచ్చవన్నె నిచ్చును. గోరింటయెఱుపు కెరాటినుతో గట్టిగా పెనవేసికొనును గావున అది పూర్తిగా పోదు.

కావున మందు తలకు తాకింపకముందు పరీక్ష చేయవలెను. దువ్వెనకు రాలిన వెండ్రుకలు కొన్ని, లేదా వెనుకప్రక్కనుండి కత్తిరించిన చిన్న పాయ తీసికొని, గాజుపాత్రలో 30 మిల్లీలీటర్ల 20 వాల్యూము పెరాక్సైడు పోసి, 20 చుక్కల అమోనియా ద్రవము వేసి, దానిలో అరగంట యుంచుడు. పాత్ర వేడెక్కినను, బుడగలు జోరుగా లేచినను, చెడువాసన కొట్టినను, పాయ చేతిలో పిండియైనను ఆ తలపై లోహమున్నది. అక్కడితో ప్రయత్నము మానవలెను. ఏమియు జరుగకున్నచో అదే పాయపై అసలు మందును పరీక్షించి ఎన్ని నిమిషములకు ఏ వన్నె వచ్చునో వ్రాసికొనుడు. ఇది మన ప్రయోగశాలలోవలె పెద్దలయెదుట జరుగవలసిన పని. అమోనియాను ముక్కుదగ్గఱ పెట్టి వాసన చూడరాదు.

నల్లవెండ్రుకను తెలుపు చేయుట పెద్ద వ్యాపారముగా సాగుచున్నదని చాలమంది యెఱుగరు. వేములవాడయందును తిరుమలయందును భక్తులు సమర్పించు తలనీలములు వేలమునకు వచ్చును. నీలమను పేరుతోనే నల్లవెండ్రుకను పిలుచుట మన భాషలోని సొగసు. తిరుమలలో వానిని పొడవునుబట్టి తరగతులుగా వేఱుచేసి అమ్ముదురు. అందు కొంతభాగము విదేశములకు చేరి, అక్కడ వన్నె తీసి బంగారు, గోధుమ రంగులు వేసి అతుకువెండ్రుకలుగా అమ్మబడును. ఆ వృత్తిలో నేర్పరులైనవారు తీవ్రమైన బ్లీచును ఒక్కసారి వాడక, పలుచని స్నానములలో దినములకొలది, వారములకొలది ఉంచి మెల్లగా నలుపును దింపుదురు. వెండ్రుకకే వెల గావున వారికి తొందర నష్టము. ఎన్నడును రంగు తాకని వెండ్రుకనే వారు మిక్కిలి కోరుదురు. రంగు వేసినదానికి ధర తగ్గును. తెగిన వెండ్రుకను కర్మాగారమున పెట్టుకొని అంత జాగ్రత్త పడుచుండగా, నెత్తిన నున్నదానిపై గంటలో కార్యము ముగింపజూచుట వింత కాదా?

ఇంత చెప్పినను బ్లీచు చేయక తీరదను పెద్దలకు క్రమము చెప్పుదును. పదునాఱేండ్లలోపు పిల్లలకు ఇది తగదు; ఐరోపాదేశములలో స్థిరపు తలరంగు పెట్టెపై ఆ వయస్సువారికి కాదని ముద్రించుట విధి. రెండు దినములు ముందుగా మందును చెవివెనుక చిన్న చుక్క పెట్టి చూడవలెను. నెత్తిపై గాయము, కురుపు, గీఱుడు ఉన్నచో వాయిదా వేయవలెను. ఆ దినమున తల రుద్ది కడుగరాదు. నెత్తిపై సహజముగా నున్న జిడ్డే కాపు. కిటికీలు తెఱచి, చేతులకు తొడుగులు వేసి, నుదుటికి చెవులకు వాసెలీను రాచి, ప్లాస్టికు లేక పింగాణి గిన్నెలో కలుపవలెను. ఇత్తడి, ఇనుము, అల్యూమినియము పాత్రలు కూడవు. ఉబ్బసమున్నవారు ఆ పొడిని పీల్చరాదు. పెర్సల్ఫేటువలన ఈ వృత్తిలోని వారికే ఉబ్బసము వచ్చుట గలదు. సన్నని పాయలుగా విడదీసి, మొదళ్లు ఒక అంగుళము విడిచి నడుమనుండి కొనలకు కుంచెతో పూయవలెను. ఏలయన నెత్తి వేడికి మొదళ్లు త్వరగా తేటబడును. కొనలలో పలుమార్లు వేసిన నలుపు పొరలుపొరలుగా నుండి ఆలస్యమగును. మొదళ్లకు చివర పూయవలెను. అయిదేసి నిమిషములకు ఒక పాయను తుడిచి చూచుచు, పొట్లముపై నున్న గడువు దాటకుండ కడిగివేయవలెను. మంట పుట్టినచో గడువుతో పనిలేదు; వెంటనే కడుగవలెను. కంట పడినచో పదునైదు నిమిషములు మంచినీటితో కడుగుచు వైద్యునికడకు పోవలెను. మిగిలిన మందును మూతబిగించి దాచరాదు. వాయువు పుట్టి సీసా పగులును. ఎక్కువ నీటితో కలిపి పాఱబోయవలెను. పిమ్మట రెండు వారములైనను వేడిగాలి యంత్రము, ఇస్త్రీ దువ్వెన వంటివి తలకు తగులనీయరాదు. నారింజవన్నె అందముగా లేదన్నవారు దానిపై అమోనియా లేని ముదురుగోధుమ రంగు వేసికొన్నచో కంటికి నెమ్మదిగా నుండును. అతినలుపునుండి గోధుమకు దిగుటయే మనవారి తలలకు సాధ్యమైన, క్షేమమైన గమ్యము.

రంగు పడక దురద వచ్చినవారికి ప్రత్యేకముగా ఒక మాట. పి.పి.డి.కి ఒకసారి శరీరము ఎదురుతిరిగినచో అది సాధారణముగా జన్మమంతయు విడువదు. మొదట చెవులు, కనుఱెప్పలు దురదపెట్టును. మరుసటిసారి ముఖమంతయు వాచును. అట్టివారు ఒక కంపెనీ రంగు మాని వేఱొక కంపెనీ నల్లరంగు కొనుట నిప్పు మార్చుకొనుటయే. జాతరలలో చేతులకు పెట్టు నల్లగోరింటలో ఈ పదార్థమునే కలుపుట గలదు. బొబ్బలు లేచి మచ్చలు నిలుచుటయే గాక, ఆ బిడ్డ పెద్దయై తలరంగు వేసికొన్ననాడు ప్రమాదమునకు లోనగును. సహజమైన గోరింట ఎఱ్ఱగానే పండును, నల్లగా పండదు. తల్లులు ఈ గుర్తు మఱవరాదు. కడుపులోనికి పోయినచో ఈ రంగు ఘోరమైన విషము. గొంతు నాలుక వాచి ఊపిరాడదు. కండరములు కరగి మూత్రము నల్లబడి మూత్రపిండములు చెడును. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. త్వరగా ఆసుపత్రికి చేర్చుటయే ఆధారము. రాయలసీమ ఆసుపత్రుల వైద్యులు ఇట్టి రోగులను పలువురను చూచిరి. రంగుసీసాను పసిపిల్లల చేతికందని తాళపు పెట్టెలో నుంచవలెను. కలిపిన రంగును త్రాగుగ్లాసులలో ఎన్నడును ఉంచరాదు. అట్టిది జరిగినచో 108కి తెలుపుట ఆలస్యము చేయరాదు.

ఇంకొకటి, ఏ రంగును వేయకయే పసిబిడ్డ వెండ్రుకలు ఎఱ్ఱబారి, పలుచనై, సులభముగా ఊడి వచ్చుచు, పాదములు వాచియున్నచో అది యెండ దోషమనుకొనరాదు. మాంసకృత్తులు చాలని తిండికి అది గుర్తు కావచ్చును. బిడ్డను వైద్యునికి చూపవలెను.

మందులేవియు వద్దని వేచియుండదలచినవారికి లెక్క సులభము. తలవెండ్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు, కొందరికి కొంచెమెక్కువ పెరుగును. ముప్పది సెంటీమీటర్ల జడయున్న స్త్రీకి వేసిన నలుపు పూర్తిగా కొనలకు చేరి కత్తెరకు పోవుటకు రెండున్నర సంవత్సరములు పట్టును. రెండేసి నెలలకు రెండంగుళముల వంతున కొనలు కత్తిరించుచు పొట్టిజడకు ఒప్పుకొన్నచో సంవత్సరములోపే తీరును. నడుమ కనబడు తెల్లని మొదళ్ల గీతను మరుగుపఱచుటకు పాపిటను ప్రక్కకు తీయుట, కొప్పు ముడుచుట చాలును. నాలుగైదు సెంటీమీటర్ల క్రాపు గల పురుషులకు ఈ తగవే లేదు. నెలకొకసారి క్షురకునికడ కూర్చున్నచో నాలుగైదు నెలలలో నలుపంతయు నేలపాలగును.